మా ఎంపీ ఏ బిల్లుకు ఎలా ఓటేశారో ఎక్కడ దొరుకుతుంది? ఉత్తరం రాస్తే జవాబెందుకు రాదు?

ప్రశ్న అడిగినవారిది శ్రీకాకుళం జిల్లా రణస్థలం. అడిగింది క్లుప్తంగా ఇదీ: వక్ఫ్ సవరణ బిల్లుకు, అంతకుముందు వ్యవసాయ చట్టాలకు మా ఎంపీ ఎలా ఓటేశారో ఎక్కడ చూడాలి? వాట్సాప్ గ్రూపులో ఒకరు అనుకూలంగా వేశారంటారు, ఇంకొకరు ఆ రోజు సభకే వెళ్లలేదంటారు. ఎంపీ ఫేస్‌బుక్‌లో చూస్తే ప్రారంభోత్సవాలు, పుట్టినరోజు శుభాకాంక్షలే. శ్రీకాకుళం ఎంపీ గారికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఓట్ల రికార్డు చూసి వచ్చే ఎన్నికల్లో ఒక నిర్ణయానికి రావాలనుకుంటున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. వక్ఫ్ బిల్లు ఓటు పేర్లతో సహా దొరుకుతుంది. వ్యవసాయ చట్టాల ఓటు దొరకదు, ఎందుకంటే ఎవరు ఎటు అన్నది సభలో నమోదే కాలేదు. మీ ఉత్తరాలకు జవాబు రాకపోవడానికి మొదటి కారణం, అవి మీ ఎంపీకి వెళ్లలేదు. ఇక ఓట్ల రికార్డు చూసి ఎంపీని అంచనా వేయాలన్న ఆలోచన మంచిదే కానీ, మన దేశంలో ఆ రికార్డు వెతికితే ఎక్కువగా పార్టీ దొరుకుతుంది, మనిషి దొరకడు. మనిషిని చూడాలంటే వేరే కాగితాలు చూడాలి. అవన్నీ చెప్తాను. నేను చాలా ఏళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వార్తలు రాశాను. ఇప్పుడు ఊళ్లవాళ్లకు అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. చెప్పేది ఆ అనుభవంతోనే.

మొదట చిరునామా సంగతి. రణస్థలం మండలం ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, పార్లమెంటుకు వచ్చేసరికి విజయనగరం నియోజకవర్గంలో భాగం. అంటే మీ కలెక్టరు శ్రీకాకుళంలో, మీ ఎంపీ విజయనగరంలో. 2008 పునర్విభజనలో బొబ్బిలి లోక్‌సభ స్థానం పోయి విజయనగరం స్థానం వచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. ఎచ్చెర్ల, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం కలిస్తే ఆ సీటు. శ్రీకాకుళం సీటులో ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట ఉన్నాయి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు వాళ్ల ఎంపీ అరకు ఎంపీ. శృంగవరపుకోట వాళ్లది విజయనగరం జిల్లాయే కానీ ఎంపీ మాత్రం విశాఖపట్నం. 2022లో జిల్లాలు మారాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. నా దగ్గరకు వచ్చే అర్జీల్లో తప్పు ఎంపీకి రాసినవి మామూలే. అలా రాస్తే ఆ ఆఫీసులో ఎవరూ మీ మీద కోపంతో పక్కన పెట్టరు. "ఇది మనది కాదు" అని పీఏ ఒక మూల పెడతాడు, అంతే. సరైన ఎంపీ ఆఫీసుకు పంపించే ఓపిక చాలామందికి ఉండదు.

కాబట్టి మీరు చూడాల్సింది విజయనగరం ఎంపీ రికార్డు. ఇప్పుడున్నది 2024లో గెలిచిన తెదేపా సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు. వ్యవసాయ బిల్లులు వచ్చిన 2020లో ఉన్నది వైకాపా నుంచి గెలిచిన బెల్లాన చంద్రశేఖర్. మనిషి వేరు, పార్టీ వేరు. "మా ఎంపీ రికార్డు" అని ఒకే వరసలో చూడకండి.

ఓటు ఎప్పుడు నమోదవుతుంది?

లోక్‌సభలో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే పోతాయి. స్పీకర్ అనుకూలమా అని అడుగుతారు, వ్యతిరేకమా అని అడుగుతారు, కేకలు విని అనుకూలురే ఎక్కువ అని ప్రకటిస్తారు. దానికి లెక్క లేదు, పేర్లు లేవు. ఎవరైనా సభ్యుడు ఆ నిర్ణయాన్ని సవాలు చేసి డివిజన్ కావాలని పట్టుబడితేనే లెక్కింపు. అప్పుడు సభ్యుల సీట్ల దగ్గరున్న మీటలతో ఓటేస్తారు: పచ్చది అనుకూలం, ఎర్రది వ్యతిరేకం, పసుపుది తటస్థం. యంత్రంలో నమోదు కానివాళ్లు చీటీల మీద రాసిస్తారు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ భావిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి తేల్చేయవచ్చు. అప్పుడు కూడా పేర్లు రికార్డులోకి ఎక్కవు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఒక్క చోట మాత్రం డివిజన్ తప్పదు. రాజ్యాంగ సవరణకు సభ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి కాబట్టి లెక్కపెట్టి తీరాలి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 అనుకూలం, 2 వ్యతిరేకం అని అందుకే తేలింది. రాజ్యాంగ సవరణలు కాకపోయినా ప్రతిపక్షం పట్టుబట్టినవి కొన్ని ఉన్నాయి. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరులో 311–80తో పోయింది. మీరడిగిన వక్ఫ్ సవరణ బిల్లు 2025 ఏప్రిల్‌లో 288–232తో పోయింది.

వ్యవసాయ బిల్లులు మాత్రం 2020 సెప్టెంబరులో లోక్‌సభలో మూజువాణి ఓటుతో పోయాయి. రాజ్యసభలో డివిజన్ అడిగారు, గొడవైంది, అక్కడా మూజువాణే. 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసిన బిల్లుకూ అదే పద్ధతి, అది కూడా చర్చ లేకుండా. కాబట్టి వీటి గురించి "మా ఎంపీ వ్యతిరేకంగా ఓటేశారు" అని ఎవరు చెప్పినా, "వేయలేదు" అని ఎవరు చెప్పినా రుజువు చూపలేరు. ఆయన చర్చలో మాట్లాడి ఉంటే ఆ ప్రసంగం ఒక్కటే సాక్ష్యం.

మనవాళ్లకు దీన్ని ఇంత వివరంగా చెప్పనక్కరలేదనుకుంటాను. మన రాష్ట్రాన్ని విడదీసిన బిల్లే 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా, కొందరు సీమాంధ్ర ఎంపీలు సస్పెన్షన్‌లో ఉండగా, మూజువాణి ఓటుతో పోయింది. ఆంధ్రప్రదేశ్ చరిత్రలో అంత పెద్ద నిర్ణయానికి ఏ ఎంపీ ఎటు అన్న పేర్ల పట్టిక లేదు. ఆ ఏడాది ఎన్నికల సమయంలో మా పేపరుకు వచ్చిన ఉత్తరాల్లో సగం "మా ఎంపీ ఏం చేశాడు?" అనే. ప్రసంగాలు, రాజీనామా ప్రకటనలు, ప్లకార్డులు పట్టుకున్న ఫొటోలు ఎన్నైనా చూపించగలిగాం. ఓటు చూపించలేకపోయాం.

పేర్లు ఎక్కడ చూడాలి?

పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్‌లో లోక్‌సభ విభాగంలోకి వెళ్లి, చర్చల పూర్తి పాఠం తెరవండి. తేదీ వేసి వెతకాలి. డివిజన్ జరిగిన చోట అనుకూలురు, ప్రతికూలురు అని రెండు జాబితాలుగా పేర్లుంటాయి. పేర్లు ఇంగ్లిష్‌లో, ఇంటిపేరు ఒక్కోసారి ముందు, ఒక్కోసారి వెనక ఉంటాయి. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే ఇంకోటి ప్రయత్నించండి. కొన్ని జాగ్రత్తలు చెప్తాను, వీటిలో పొరబడేవాళ్లే ఎక్కువ.

తేదీ: వక్ఫ్ బిల్లు ఓటింగ్ అర్ధరాత్రి దాటాక జరిగింది. గడియారం ప్రకారం ఏప్రిల్ 3. కానీ సభ మొదలైన రోజు ఏప్రిల్ 2 కాబట్టి మీరు తెరవాల్సింది 2వ తేదీ చర్చ.

ఏ ఓటు? ఒకే బిల్లు మీద ఒకే రాత్రి చాలా డివిజన్లు జరగవచ్చు. బిల్లును పరిశీలనకు తీసుకోవడానికి ఒకటి, ప్రతిపక్ష సవరణల మీద కొన్ని, చివరికి బిల్లు ఆమోదానికి ఒకటి. ప్రతిపక్ష సవరణకు "నో" అన్న ఎంపీ పేరును స్క్రీన్‌షాట్ తీసి, బిల్లునే వ్యతిరేకించాడని పోస్టు పెట్టేవాళ్లను చూశాను. జాబితాకు పైన ఏ ప్రతిపాదన మీద ఓటు జరిగిందో చదవకుండా పేరు ఒక్కటే చూడకండి.

"అవును" అంటే ఎప్పుడూ ప్రభుత్వానికి అనుకూలం కాదు. 2018 జూలై 20న మన తెదేపా పెట్టిన అవిశ్వాస తీర్మానానికి, సభలో ప్రకటించిన లెక్క ప్రకారం, 126 మంది అవును అన్నారు, 325 మంది కాదన్నారు. అక్కడ అవును అన్నవాళ్లు ప్రభుత్వానికి వ్యతిరేకులు.

దిద్దుబాట్లు: ఫలితం ప్రకటించేటప్పుడు "సవరణలకు లోబడి" అంటారు. మీట సరిగ్గా నొక్కనివాళ్లు చీటీ ఇస్తే తుది లెక్క మారుతుంది. జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టడం మీద 2024 డిసెంబరు 17న జరిగిన ఓటింగులో ఇదే జరిగింది. యంత్రం మొదట చూపించిన అంకెలు వేరు, చీటీలు కలిపాక తేలిన తుది లెక్క 269–198. టీవీలో మొదట కనిపించిన అంకెను పట్టుకుని కూర్చోకూడదు.

ఇంకోటి. వాట్సాప్‌లో తిరిగే వీడియో లోక్‌సభదో రాజ్యసభదో ముందు చూసుకోండి. తివాచీ పచ్చగా ఉంటే లోక్‌సభ, ఎర్రగా ఉంటే రాజ్యసభ. కొత్త భవనంలోనూ అంతే. "మన ఎంపీ సీటు ఖాళీ" అని ఒక క్లిప్పు మా పేపరు గ్రూపులోకి వచ్చింది. తివాచీ ఎర్రగా ఉంది. లోక్‌సభ సభ్యుడు అక్కడ ఎందుకుంటాడు!

వక్ఫ్ బిల్లుకు తెదేపా పార్టీగా మద్దతు ఇచ్చింది. అప్పలనాయుడు గారి పేరు జాబితాలో ఎటు ఉందో ఆ పద్ధతిలో మీరే చూసుకోండి, ఎక్కువ సమయం పట్టదు. ఒక్కసారి మీ చేత్తో వెతికితే తర్వాత ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

ఓటు ఎందుకు మనిషి గురించి ఎక్కువ చెప్పదు

రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్‌కు, అంటే ఇటే ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, విరుద్ధంగా ఓటేసినా, ముందు అనుమతి లేకుండా గైర్హాజరైనా, పార్టీ పదిహేను రోజుల్లో దాన్ని మన్నించకపోతే సభ్యత్వం పోవచ్చు. కాబట్టి ముఖ్యమైన బిల్లు మీద ఎంపీ మీట నొక్కేది ఢిల్లీలో, అది ఎటు నొక్కాలో తేలేది అమరావతిలోనో తాడేపల్లిలోనో. మన రెండు పార్లమెంటు సీట్ల ఎంపీలు ఒకే పార్టీ అయితే వాళ్ల ఓటు రికార్డు దాదాపు ఒకేలా ఉంటుంది. దాన్ని చూసి ఒకరు మేలు, ఒకరు కీడు అని తేల్చడం కష్టం.

అందుకని ఓటు రికార్డు పనికిరానిదని నేను అనను. పార్టీని నిలదీయడానికి అది బాగా పనికొస్తుంది. "మీ పార్టీ ఈ బిల్లుకు ఎందుకు మద్దతిచ్చింది?" అని మీ ఎంపీని, ఎమ్మెల్యేని, మండల నాయకుడిని కూడా అడగొచ్చు. ఇంకో చోట కూడా పనికొస్తుంది. విప్ ఉన్నా గైర్హాజరైన ఎంపీ కనిపిస్తే అక్కడ ఏదో కథ ఉంటుంది, విలేకరిగా నేను మొదట చూసేది అదే. జ్వరమొచ్చి ఉండొచ్చు, ఇష్టం లేక తప్పించుకుని ఉండొచ్చు. ఏది నిజమో ఆయన్నే అడగాలి.

శ్రీకాకుళం వాళ్లకు ఒక ప్రత్యేక మాట

మీది విజయనగరం సీటు అయినా, ఈ జవాబు చదివే శ్రీకాకుళం వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంపీల పనితీరు చూడటానికి అందరూ పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టిన పట్టిక చూస్తారు. హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, ప్రైవేటు బిల్లులు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేవి) ఉంటాయి. ఓట్లు ఉండవు. అందులో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడుకు 2024 నుంచి హాజరు, ప్రశ్నలు కనిపించవు. దాన్ని పట్టుకుని "మన ఎంపీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అని పోస్టులు వచ్చాయి. ఆయన పౌర విమానయాన మంత్రి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. జవాబులు చెప్పేది వాళ్లే. 2014 నుంచి 2024 వరకు ఆయన మామూలు సభ్యుడిగా ఉన్న రెండు లోక్‌సభల రికార్డు చూస్తే ఆయన ప్రశ్నలు, ప్రసంగాలు కనిపిస్తాయి. అశోక్ గజపతిరాజు గారు విజయనగరం ఎంపీగా 2014 నుంచి 2018 వరకు అదే శాఖ మంత్రిగా ఉన్నప్పుడూ ఇదే పరిస్థితి. మంత్రికి ఇంకో ఇబ్బంది ఉంది. మంత్రివర్గం మొత్తానికి సమష్టి బాధ్యత కాబట్టి ప్రభుత్వ బిల్లుకు ఆయన వ్యతిరేకంగా ఓటేసే ప్రశ్నే రాదు. జిల్లాకు కేంద్ర మంత్రి ఉండటం వల్ల పనులు ఎక్కువ జరుగుతాయని మనవాళ్లు లెక్క వేసుకుంటారు. సభలో మన తరఫున ప్రశ్న అడిగే గొంతు ఒకటి తగ్గుతుందన్నది ఆ లెక్కలోకి రాదు.

హాజరు శాతం గురించి కూడా ఒక మాట. అది రోజువారీ సంతకం లెక్క. సంతకం పెడితే రోజు భత్యం వస్తుంది, ఇప్పుడది రూ. 2,500. సంతకం పెట్టి లోపల ఎంతసేపు కూర్చున్నారో అందులో తెలియదు. తొంభై శాతం హాజరున్న ఎంపీ కన్నా డెబ్బై శాతం ఉండి మంచి ప్రశ్నలు వేసిన ఎంపీ మేలని నా అభిప్రాయం. ప్రైవేటు బిల్లుల సంఖ్య చూసి కూడా మురిసిపోకండి. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, ఆఖరిది 1970లో.

అయితే దేన్ని చూడాలి?

ప్రశ్నలను. నా మటుకు ఎంపీ గురించి ఎక్కువ చెప్పేవి అవే, ఎందుకంటే వాటికి విప్ లేదు. ఏం అడగాలో ఎంపీ ఇష్టం. సంసద్ సైటులో సభ్యుడి పేరు కొడితే ఆయన అడిగిన ప్రతి ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు దొరుకుతాయి. తెలుగులో ఉండవు, ఇంగ్లిష్, హిందీల్లోనే. ఎవరైనా డిగ్రీ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

చూసేటప్పుడు ఎన్ని అని చూడకండి, ఏవి అని చూడండి. కొందరి పేరు మీద వందల ప్రశ్నలుంటాయి. తెరిచి చూస్తే దేశమంతటి గణాంకాలు అడిగినవే, నియోజకవర్గం పేరు ఎక్కడా ఉండదు. ఏ సహాయకుడో తయారుచేసి పెట్టినవని చదివితే తెలిసిపోతుంది. మన ప్రాంతపు ఎంపీ అడగాల్సినవి మనకు తెలియనివి కావు: ఉద్దానం కిడ్నీ జబ్బులు, వంశధార నీళ్ల మీద ఒడిశాతో తగువు, వలస వెళ్లిన మత్స్యకారులు, జీడి ధర, మీ పక్కనే ఉన్న కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం. 2018లో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో తిరిగొచ్చారు. అలాంటి విషయంలో ఎంపీ ఎన్నిసార్లు, ఎప్పుడు, ఏ శాఖను కదిపాడన్నది అతని ఓటు కన్నా ఎక్కువ చెప్తుంది.

జవాబుల్లో చాలావరకు చప్పగా ఉంటాయి, అది కూడా చెప్పాలి. పలాస వైపు జీడి వ్యాపారులు కొందరు తమ ఇబ్బందుల మీద ప్రశ్న వేయించమని వస్తే, నాలుగు భాగాలుగా రాసిచ్చాను. ఒక ఎంపీ గారు వేశారు. వచ్చిన జవాబులో మూడు భాగాలు "సంబంధిత వివరాలు రాష్ట్రాల దగ్గర ఉంటాయి" అన్నట్టే ఉన్నాయి. నాలుగో భాగంలో మాత్రం ఒక పథకం పేరు, దాన్ని అమలు చేసే కార్యాలయం పేరు వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని వాళ్లు నేరుగా ఆ కార్యాలయానికి రాశారు. పార్లమెంటులో ఇచ్చిన జవాబు చూపిస్తే ఏ అధికారీ "మాకు తెలియదు" అనలేడు. ప్రశ్న విలువ అంతే, కానీ అది చిన్నదేం కాదు.

ప్రశ్నలతో పాటు జీరో అవర్‌లో (అత్యవసర విషయాలు ప్రస్తావించే సమయం), సభ 377 నిబంధన కింద లేవనెత్తిన అంశాలు కూడా చూడండి. ఎంపీలు ఎక్కువగా ఫేస్‌బుక్‌లో పెట్టే వీడియోలు వీటివే. సంసద్ టీవీ నుంచి ముక్క కోసి పైన పార్టీ పాట పెడతారు. మాట్లాడిన సంగతి నిజమే, దాని మీద మంత్రి ఏం రాశాడన్నది ఆ పోస్టులో ఉండదు. అక్కడే మీరు అడగాల్సింది.

ఫేస్‌బుక్‌ను ఎలా చదవాలి

ఎంపీ పేజీలో ఫొటోలు ఎక్కువని మీ బాధ. అప్పలనాయుడు గారు సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన ఫొటో రాష్ట్రమంతా చూసింది, అది ఆయన పద్ధతి. తప్పేం లేదు. అదే పేజీలో ఫలానా బిల్లుకు నేనెందుకు మద్దతిచ్చాను అని నాలుగు వాక్యాలు ఏ ఎంపీ రాసినా నేను ఆయనకు ఎక్కువ మార్కులు వేస్తాను. ఏ పార్టీ వాళ్లయినా సరే, మన రెండు జిల్లాల్లో అలా రాసేవాళ్లు తక్కువ. ఓటు వేశాక వివరణ ఇస్తే ఎవరో ఒకరు తిడతారు. ప్రారంభోత్సవం ఫొటోకు ఎవరూ తిట్టరు. వాళ్ల లెక్క వాళ్లది.

అయినా కామెంట్లలో అడగడం వల్ల లాభం లేదు. ఆ పేజీ చూసేది సోషల్ మీడియా కుర్రాళ్లు. మీ కామెంటు పైకి వెళ్లదు.

ఉత్తరం ఎలా రాస్తే కదులుతుంది

ఎంపీ ఉత్తరానికి జవాబివ్వాలన్న చట్టం లేదు. అలాగని డబ్బు లేదని మాత్రం చెప్పలేరు. ఆఫీసు ఖర్చులకు ప్రతి ఎంపీకి నెలకు రూ. 75,000 భత్యం ఉంది, అందులో పెద్ద భాగం సహాయకుడి జీతానికే. ఆ సహాయకుడి రోజంతా దేనికి పోతుందో నేను క్యాంపు ఆఫీసుల్లో కూర్చుని చూశాను. తిరుమల దర్శనం సిఫారసు లేఖలు, రైల్లో ఎమర్జెన్సీ కోటా, ఆస్పత్రి ఖర్చులకు సహాయ నిధి దరఖాస్తులు, బదిలీలు. 2022కు ముందు కేంద్రీయ విద్యాలయం సీట్ల కోటా కూడా ఉండేది, జూన్ వస్తే ఆ ఆఫీసుల్లో కాలు పెట్టే చోటుండేది కాదు. ఈ రద్దీలో "బిల్లు మీద మీ వైఖరి ఏమిటి" అన్న ఉత్తరం వస్తే దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో కూడా వాళ్లకు తెలియదు. కాబట్టి ఫైలు మనమే చూపించాలి.

ఒక ఉత్తరంలో ఒకే విషయం, ఒకే పేజీ. పింఛను, రేషన్ కార్డు, పాస్‌బుక్ ఇందులో కలపకండి, అవి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు తీసుకెళ్లాల్సినవి. పైన "ఫలానా కేంద్ర మంత్రిత్వ శాఖకు లిఖితపూర్వక ప్రశ్న వేయమని వినతి" అని స్పష్టంగా రాయండి. ప్రశ్నను మీరే ఇంగ్లిష్‌లో తయారుచేసి జత చేయండి. పీఏ చేసే పని తగ్గితే మీ పని అయ్యే అవకాశం పెరుగుతుంది.

సమయం అన్నిటికన్నా ముఖ్యం. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత లాటరీ ఉంటుంది. కాబట్టి బడ్జెట్ సమావేశాలకు జనవరి మొదట్లో, వర్షాకాల సమావేశాలకు జూన్ చివర్లో, శీతాకాల సమావేశాలకు అక్టోబరు చివర్లో మీ కాగితం చేరాలి. సభ మొదలయ్యాక పంపితే ఆ సమావేశానికి అది అయిపోయినట్టే. బిల్లు విషయంలో అయితే ఇంకా త్వరగా. బిల్లు ప్రవేశపెట్టిన రోజో, కమిటీకి పంపిన రోజో రాయాలి. ఓటు అయ్యాక రాసే ఉత్తరం నిరసన మాత్రమే అవుతుంది.

ఒక ప్రతి క్యాంపు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇంకోటి ఢిల్లీ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. ఈమెయిలూ చేయండి. చిరునామాలు సంసద్ సైటులో సభ్యుడి పేజీలో ఉంటాయి. ఒంటరిగా కన్నా రైతు సంఘమో మత్స్యకార సొసైటీయో పది సంతకాలతో పంపితే బరువు వేరు. పార్టీ కార్యకర్త ద్వారా పంపమని కొందరు సలహా ఇస్తారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత అది మీ ప్రశ్న కాదు, ఆయన చేయించిన పని అవుతుంది. మీ ఇష్టం.

ఎంపీ అసలు పట్టించుకోకపోతే లోక్‌సభ పిటిషన్ల కమిటీకి మీరే రాయవచ్చు. తెలుగులో రాసినా సరే, ఇంగ్లిష్ లేదా హిందీ అనువాదం జతచేసి దాని మీద సంతకం పెట్టాలి.

సమాచార హక్కు చట్టం కింద "మా ఎంపీ ఎందుకు అలా ఓటేశారు" అని అడిగితే జవాబు రాదు. అది కాగితం మీద ఉన్న సమాచారాన్ని అడిగే చట్టం, కారణాలను కాదు. కానీ రెండు విషయాలు బాగా దొరుకుతాయి. ఒకటి ఎంపీ నిధులు. ఏడాదికి రూ. 5 కోట్లు, మంత్రికైనా ఉంటాయి, పనులను ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. మీ మండలంలో ఏ పని సిఫారసు చేశారు, ఎప్పుడు, ఏ దశలో ఉంది అని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయాన్ని అడగండి. రుసుము పది రూపాయలు. రెండోది "దిశ" కమిటీ. కేంద్ర పథకాలను సమీక్షించే ఆ కమిటీకి ఎంపీయే అధ్యక్షుడు, మూడు నెలలకోసారి సమావేశం కావాలి. మినిట్స్ అడగండి. సమావేశాలు ఎప్పుడెప్పుడు జరిగాయో తేదీలు చూస్తే చాలు, చాలా సంగతులు తెలుస్తాయి.

మీ రణస్థలానికి వస్తే, నేనైతే కొవ్వాడతో మొదలుపెడతాను. అణుశక్తి శాఖ అక్కడ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామని, స్థలానికి సూత్రప్రాయ అనుమతి ఉందని పార్లమెంటులో ఎన్నోసార్లు చెప్పింది. కాబట్టి ఆ ప్రశ్న మళ్లీ వేయించొద్దు, అదే జవాబు వస్తుంది. ఇలా వేయించండి: (అ) ఇప్పటివరకు సేకరించిన భూమి ఎంత, ఇంకా సేకరించాల్సింది ఎంత, (ఆ) పరిహారం అందిన కుటుంబాలెన్ని, అందనివెన్ని, కారణాలేమిటి, (ఇ) పునరావాస కాలనీ పనులు ఏ దశలో ఉన్నాయి, (ఈ) తర్వాతి అనుమతులు ఏవి, ఒక్కోదానికి గడువు ఏమిటి. దీన్ని విజయనగరం ఎంపీ ఆఫీసుకు పంపండి, శ్రీకాకుళానికి కాదు. ఇంగ్లిష్ పాఠం కావాలంటే చెప్పండి, తయారుచేసి ఇక్కడే పెడతాను. ఊళ్లో పునరావాసం జాబితాలో పేర్లు రానివాళ్లెవరైనా ఉంటే, వివరాలు ఇక్కడ బయట పెట్టకుండా, ఎంతమంది అన్న లెక్క మాత్రం ముందే రాసి ఉంచుకోండి. రెండో భాగానికి జవాబు వచ్చాక పోల్చి చూడటానికి అది కావాలి.